ఏఫిబ్ అబ్లేషన్ చేయించుకుని 14 నెలలు: డాక్టర్‌కి 5, డిశ్చార్జ్ కాగితానికి 1

డిశ్చార్జ్ రోజు పొద్దున్నే ఒకమ్మాయి ట్యాబ్ పట్టుకుని రూముకొచ్చింది, "సార్ ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి సార్" అని. ఇడ్లీ వేడిగా ఉందా, బాత్రూమ్ నీట్‌గా ఉందా, సెక్యూరిటీ వాళ్లు మర్యాదగా మాట్లాడారా... గుండె గురించి ఒక్క ప్రశ్న లేదు. నేనేమో ఇంటికెళ్లిపోతున్నానన్న సంతోషంలో అన్నిటికీ 5 స్టార్లు కొట్టేశా, చల్లారిపోయిన ఇడ్లీకి కూడా. ఈ ప్రొసీజర్‌కి, అంటే గుండె లయ తప్పే ఏఫిబ్ జబ్బుకి గుండె లోపల కాల్చే అబ్లేషన్‌కి, రివ్యూ రాయాలంటే కనీసం ఏడాది ఆగాలని తర్వాత తెలిసొచ్చింది. అందుకే 14 నెలలు ఆగి ఇప్పుడు రాస్తున్నా. ఆస్పత్రి పేరు రాయను, హైదరాబాద్‌లో పెద్దదే అనుకోండి. నా గొడవ ఇంటికి పంపేటప్పుడు జాగ్రత్తలు చెప్పకపోవడం గురించి, ఆ ఒక్క ఆస్పత్రితో కాదు, నాలాగే చేయించుకున్న ఇంకో ఇద్దరు వేరే వేరే చోట్ల చేయించుకుని కూడా ఇదే మాట చెప్పారు.

నా సంగతి ముందు చెప్తా. వయసు 57, తెనాలి దగ్గర ఎరువుల కొట్టు. బీపీ ఉంది, షుగర్ ఉంది, చేయించుకునే నాటికి 92 కేజీలు. నాలుగేళ్ల కిందట మొదలైంది, రాత్రి పడుకున్నాక ఉన్నట్టుండి గుండె ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకునేది, ఒక లయ అంటూ లేకుండా. మా ఊరి ఆర్ఎంపీ గ్యాస్ అన్నాడు, ఏడాది పాటు పరగడుపున పాంటాప్ మింగా. తమాషా ఏంటంటే పొద్దున ఈసీజీ తీయించుకునే టైమ్‌కి అంతా మామూలే, డాక్టర్ "టెన్షన్ తగ్గించుకోండి" అనడం, నేను తలూపి రావడం. చివరికి ఒక రాత్రి కొట్టుకుంటుండగానే మా పెద్దాడు కారులో గుంటూరు తీసుకెళ్లి ఎమర్జెన్సీలో ఈసీజీ తీయిస్తే అప్పుడు దొరికింది దొంగ, పల్స్ 150, ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అదే ఏఫిబ్. ఈసీజీ వచ్చే వాచీ ఉన్నవాళ్లకి ఈ దొంగా పోలీసూ ఆట తప్పుతుంది, కొట్టుకునేటప్పుడే రికార్డ్ చేసి డాక్టర్‌కి చూపించొచ్చు. మా పెద్దాడు తర్వాత నాకొకటి కొనిచ్చాడు, దాని సంగతి కింద చెప్తా.

మందులు వాడా. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్, రక్తం గడ్డకట్టకుండా అపిక్సబాన్ 5 ఎంజీ రోజుకి రెండు, అవి చాలక లయని సరిచేసే అమియోడరోన్. అమియోడరోన్ బాగానే ఆపింది కానీ ఎనిమిది నెలలకి థైరాయిడ్ దెబ్బతింది, దాంట్లో అయోడిన్ ఎక్కువ ఉంటుందంట, చాలామందికి అవుతుందంట. అది ఆపగానే మళ్లీ వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగైదు గంటలు. ఆ గంటల్లో మనిషిని మనిషిలా ఉండనివ్వదు, మెట్లెక్కితే ఆయాసం, కొట్లో కూర్చుని బిల్లు రాస్తుంటే చేతులు వణుకు. అప్పుడు గుంటూరు డాక్టర్ గారే "హైదరాబాద్ వెళ్లి అబ్లేషన్ గురించి మాట్లాడి రండి" అన్నారు.

హైదరాబాద్ డాక్టర్ గారికి 5కి 5 ఎందుకిచ్చానో చెప్పాలి. ఆయన కాగితం మీద గుండె బొమ్మ గీసి చెప్పారు. ఎడమ పై గదిలోకి ఊపిరితిత్తుల నుంచి మామూలుగా నాలుగు రక్తనాళాలు వస్తాయి, గుండె లయ తప్పించే ఈ పిచ్చి కరెంటు ఎక్కువగా ఆ నాళాల మూతుల దగ్గరే పుడుతుంది. ఈ విషయం 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు, వాళ్లలో ముఖ్యుడి పేరు హైసగేర్ అంట, 45 మంది పేషెంట్లని పరీక్షించి కనిపెట్టారు. అంతకుముందు గది మొత్తం మీద ఎక్కడ కాల్చాలో తెలీక తంటాలు పడేవాళ్లంట. ఇప్పుడు ఆ నాళాల చుట్టూ కంచె వేసినట్టు కాల్చేస్తారు, కరెంటు లోపల పుట్టినా కంచె దాటి గదిలోకి రాదు. పొలం గట్టు లాంటిదన్నమాట, ఎక్కడైనా గండి పడితే మళ్లీ నీళ్లొస్తాయి. గట్టు మాట నాది, ఆయనకి నచ్చింది, మిగతా పేషెంట్లకి కూడా చెప్తానన్నారు.

నేనడిగిన మొదటి ప్రశ్న, "సార్ ఇది చేయించుకుంటే పూర్తిగా పోతుందా?" ఆయన పోతుంది అనలేదు. నాలాగా వచ్చి పోయే రకానికి ఒక్కసారి చేస్తే ఏడాది తర్వాత 100లో 70 మంది దాకా బాగుంటారు, ఎప్పుడూ ఉండిపోయే రకానికి ఇంకా తక్కువ, కొందరికి రెండోసారి చేయాల్సి వస్తుంది అన్నారు. రెండో ప్రశ్న, "ఆయుష్షు పెరుగుతుందా?" దానికీ సూటిగానే చెప్పారు. 2019లో వచ్చిన కబానా అని పెద్ద ట్రయల్‌లో 2,204 మందిని మందులకీ అబ్లేషన్‌కీ పంచి చూస్తే, చావు, పక్షవాతం లాంటి వాటన్నిటినీ కలిపి లెక్కేస్తే పెద్ద తేడా తేలలేదు, కానీ జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గింది, బతుకు బాగుపడింది. "మీరు ఎక్కువ కాలం బతకడానికి కాదు, బతికినన్నాళ్లు హాయిగా ఉండడానికి చేస్తున్నా" అన్నారు. ఇంత సూటిగా మాట్లాడే డాక్టర్‌ని నేనింతవరకు చూళ్లేదు. రిస్క్ కూడా దాచలేదు, 100లో ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పెద్ద ఇబ్బంది రావచ్చు, గుండె చుట్టూ రక్తం చేరడం, పక్షవాతం, గజ్జల్లో రక్తనాళం దెబ్బతినడం ఇలాంటివి.

ఏ పద్ధతి అన్నది పెద్ద చర్చ. వేడితో కాల్చే రేడియో ఫ్రీక్వెన్సీ ఒకటి, బెలూన్‌తో గడ్డకట్టించే క్రయో ఒకటి. 2016లో ఫైర్ అండ్ ఐస్ అని ఈ రెండిటినీ పోటీ పెట్టి చూస్తే క్రయో ఏమీ తీసిపోలేదు. మూడోది కొత్తది, పల్స్‌డ్ ఫీల్డ్ అని, వేడీ చలీ లేకుండా సెకనులో ఎన్నో వంతు కరెంటు దెబ్బతో ఎక్కువగా గుండె కండనే చంపుతుంది, వెనకున్న అన్నవాహికని పెద్దగా ముట్టుకోదు. అమెరికాలో 2023 డిసెంబర్‌లో దానికి మొదటిసారి పర్మిషన్ వచ్చింది. 17 వేల మందికి పైగా చేయించుకున్న వాళ్ల లెక్క చూస్తే అన్నవాహికకి చిల్లు పడిన కేసు ఒక్కటీ లేదు. ఫలితం మాత్రం పాత పద్ధతులతో సమానమే. నాకు చెప్పిన రేటు వింటే ఆ కరెంటు దెబ్బ నాకక్కడే తగిలింది, రేడియో ఫ్రీక్వెన్సీకే ఒప్పుకున్నా. గుండె లోపలి మ్యాప్ గీసే 3డీ మ్యాపింగ్‌తో కలిపి ప్యాకేజీ 3 లక్షల 80 వేలన్నారు, చివరికి 4 లక్షల 40 వేలయింది. ఇన్సూరెన్స్ వాళ్లు "మందులతో ఎందుకు తగ్గించలేదు" అని క్వెరీ పెట్టి రెండు రోజులు కూర్చోబెట్టారు. మీరు వెళ్లేటప్పుడు పాత ఈసీజీలు, వాడిన మందుల చీటీలు, మా థైరాయిడ్ రిపోర్ట్ లాంటివి అన్నీ ఫైల్ చేసి పట్టుకెళ్లండి, నా క్వెరీ తీరింది ఆ థైరాయిడ్ రిపోర్ట్‌తోనే.

ప్రొసీజర్ రోజు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, ఎందుకంటే నేను లేను, మత్తులో ఉన్నా. ముందు గొంతులోంచి గొట్టం వేసి ఎడమ గది మూలలో రక్తం గడ్డ ఉందేమో చూశారు, ఉంటే ఆ రోజు చేయరంట. రక్తం పలచబడే మాత్ర మామూలుగా ఆపరేషన్లకి ఆపినట్టు రోజుల తరబడి ఆపనివ్వలేదు, నాకది వింతగా అనిపించింది, కానీ దీనికి అలాగే చేస్తారంట. గజ్జల్లోంచి వైర్లు పైకి పంపి, కుడి గది నుంచి ఎడమ గదికి గోడకి చిన్న చిల్లు పెట్టి వెళ్తారు. మూడు గంటలు పట్టింది. బయట మా ఆవిడ విష్ణు సహస్రనామం రెండుసార్లు పూర్తి చేసిందంట.

లేచాక నొప్పి గుండెలో ఉంటుందనుకున్నా, అది కాదు అసలు బాధ, ఆరు గంటలు కాళ్లు కదపకుండా వెల్లకిలా పడుకోవడం. నడుం విరిగిపోయింది. పక్కకి తిరగనివ్వరు, దిండు ఎత్తు పెట్టనివ్వరు, పైగా పడుకుని యూరిన్ రాదు, చివరికి ట్యూబ్ వేశారు. ఐసీయూ సిస్టర్ మలయాళీ అమ్మాయి, తెలుగు రాదు, కానీ ప్రతి అరగంటకీ వచ్చి గజ్జలు చూసి కాలి వేళ్లు వెచ్చగా ఉన్నాయో లేదో చేత్తో ముట్టుకుని చూసి వెళ్లేది. ఆ పిల్లకి 5 కాదు 10 ఇస్తా.

ఇక డిశ్చార్జ్. రెండో రోజు బిల్లు క్లియర్ అయ్యేసరికి సాయంత్రం అయిదు. నాలుగు పేజీల ఫైల్ ఇచ్చారు, అందులో మూడున్నర పేజీలు నాకు అక్కర్లేని ఇంగ్లీషు, గుండెలో ఎక్కడ ఎన్ని వాట్లతో కాల్చారో మొత్తం ఉంది. మందుల లిస్ట్, "రెండు వారాలకి రివ్యూ", చివర్లో "ఏదైనా అత్యవసరమైతే ఎమర్జెన్సీకి రండి" అని ఒక లైను. అయిపోయింది. ఏదైనా అంటే ఏది? తెనాలి నుంచి హైదరాబాద్ ఎమర్జెన్సీకి ఎలా వస్తా? దీనికే 1 ఇచ్చింది.

నా అదృష్టం ఏంటంటే లిఫ్ట్ దగ్గర ఒక జూనియర్ డాక్టర్, మన నెల్లూరు కుర్రాడు, ఎదురుపడ్డాడు. "బాబూ ఇంటికెళ్లాక ఏం జాగ్రత్తలో కాస్త చెప్పమ్మా" అని మా ఆవిడ అడిగితే ఆ పిల్లాడు నిలబడి పది నిమిషాలు చెప్పాడు, ఆమె డిశ్చార్జ్ ఫైల్ వెనకాలే రాసుకుంది. అందులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది, ఈ రివ్యూలో ఇంకేం చదవకపోయినా ఇది చదవండి. ఎడమ గదికి సరిగ్గా వెనకాలే అన్నవాహిక ఉంటుంది, మధ్యలో కొన్ని మిల్లీమీటర్లే. వేడి దానికి తగిలితే లోపల పుండు పడి చాలా అరుదుగా, సుమారు 4 వేల మందిలో ఒకరికి, గుండెకీ అన్నవాహికకీ మధ్య చిల్లు పడుతుంది. అది వెంటనే కనపడదు, రెండు నుంచి నాలుగు వారాలకి, ఒక్కోసారి రెండు నెలల దాకా కూడా బయటపడొచ్చు. చలి జ్వరం, మింగుతుంటే నొప్పి, ఛాతీ నొప్పి, రక్తపు వాంతి, మాట తడబడడం, కాలో చెయ్యో పడిపోవడం, వీటిలో ఏదొచ్చినా ఊళ్లో గ్యాస్ డాక్టర్ దగ్గరికి వెళ్లకూడదు, పెద్దాస్పత్రికి వెళ్లి "నాకు అబ్లేషన్ అయింది" అని మొదటి మాటగా చెప్పి ఛాతీకి సీటీ తీయమనాలి. ఎండోస్కోపీ చేస్తామంటే చేయనివ్వకూడదు, ఎందుకంటే దాంట్లో గాలి ఊదుతారు, చిల్లు ఉంటే ఆ గాలి గుండెలోకి, అక్కడి నుంచి మెదడుకి పోతుంది.

ఇప్పుడు ఆలోచించండి, మన ఊళ్లల్లో జ్వరం వచ్చి మింగుడు పడకపోతే ఏం చేస్తాం? ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్, తగ్గకపోతే ఎండోస్కోపీ సెంటర్. సరిగ్గా చేయకూడనిదే చేస్తాం. ఇలాంటి మాట లిఫ్ట్ దగ్గర అనుకోకుండా దొరికితే తెలియాలా? నాలుగు లక్షల నలభై వేలు కట్టినవాడికి తెలుగులో అరపేజీ కాగితం ఇవ్వలేరా? పాంటాప్ ఆరు వారాలు రాశారు, అది ఎందుకో కూడా చెప్పలేదు, నేను గ్యాస్ లేదు కదా అని ఆపేసేవాణ్ణే, ఆ పిల్లాడు చెప్పాక తెలిసింది ఆ పుండు మానడానికంట.

ఇంటికొచ్చాక మొదటి వారం. కుడి గజ్జ నుంచి మోకాలి పైదాకా వంకాయ రంగు, తర్వాత పచ్చగా, తర్వాత పసుపు, హోలీ పండగే. ముట్టుకుంటే చిన్న రేగ్గాయంత గడ్డ, అది మామూలే అన్నారు, పెరిగితే, కొట్టుకుంటున్నట్టు ఉంటే చూపించుకోవాలి. గట్టిగా ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, గుండె పైపొర వాపు వల్లంట, మూడు రోజుల్లో పోయింది. పల్స్ మాత్రం ఎప్పుడూ 65 ఉండేది 88కి ఎక్కి కూర్చుంది. నాకు భయమేసింది. రివ్యూకి వెళ్లినప్పుడు డాక్టర్ గారు చెప్పారు, ఆ నాళాల చుట్టూ గుండెని నెమ్మదిగా ఉంచే నరాల గుంపులుంటాయి, అవి కూడా కొన్ని కాలిపోతాయి, అందుకే పెరుగుతుంది, చాలామందికి నెమ్మదిగా తగ్గుతుందని. నాకిప్పటికీ 76 దగ్గరే ఉంది. ఇది కూడా ముందే ఒక ముక్క చెప్తే ఆ రెండు వారాలు నిద్రపోయేవాణ్ణి.

తొమ్మిదో రోజు నా తప్పు ఒకటి. కొట్టు చూడక తోచట్లేదని వెళ్లా. రైతు బండి దగ్గర ఉన్నాడు, ముఠా వాళ్లు టీకి వెళ్లారు, ఒక్క యూరియా బస్తానే కదా అని వంగి పట్టుకున్నా. 45 కేజీలు. ఎత్తను కూడా లేదు, అలా జరిపానంతే, గజ్జలో చురుక్కుమంది, సాయంత్రానికి నిమ్మకాయంత వాపు. గుంటూరు పరిగెత్తి డాప్లర్ స్కాన్ తీయిస్తే నాళం బాగానే ఉంది, రక్తం లోపల కారి గడ్డకట్టిందన్నారు. రక్తం పలచబడే మందు మీద ఉన్నప్పుడు కదా, ఊరికే ఆగదు. మా ముఠా మేస్త్రికి విషయం తెలిసి "షావుకారు గారూ, మా పొట్ట కొట్టకండి, బస్తాలు మాకొదిలెయ్యండి" అన్నాడు.

పదకొండో రోజు రాత్రి రెండింటికి మళ్లీ చేప కొట్టుకుంది. అదే, ఏఫిబ్. ఆరు గంటలు. ఆ రాత్రి నేను పడ్డ బాధ నాలుగేళ్లలో పడలేదు, డబ్బులు పోయాయి, నరకం పడ్డాం, మళ్లీ మొదటికొచ్చింది అని మా ఆవిడ ఏడుపు. పొద్దున ఆస్పత్రికి ఫోన్ చేస్తే కోఆర్డినేటర్ "ఎమర్జెన్సీకి వచ్చేయండి సార్" అంది, అంతకు మించి ఆ అమ్మాయికి ఏం తెలీదు పాపం. రివ్యూకెళ్లినప్పుడు గానీ నాకు బ్లాంకింగ్ పీరియడ్ అనే మాట తెలీలేదు. కాల్చిన చోట మొదట్లో వాపు ఉంటుంది, ఆ వాపే గుండెని గెలుకుతుంది, పుండు మాని గట్టి మచ్చగా మారి కంచె బిగుసుకోవడానికి వారాలు పడుతుంది. అందుకే మొదట్లో వచ్చినవాటిని ఫెయిల్ కింద లెక్కేయరు. ఇదివరకు మూడు నెలలు అనేవాళ్లు, 2024లో అన్ని దేశాల డాక్టర్లు కూర్చుని దాన్ని రెండు నెలలకి తగ్గించారు. అయితే ఇంకో మాట కూడా చెప్పారు, మొదట్లో వచ్చినవాళ్లకి తర్వాత కూడా తిరగబెట్టే అవకాశం రానివాళ్లకంటే ఎక్కువే, అందుకని పూర్తిగా గాల్లో తేలిపోవద్దు, అలాగని ఏడవొద్దు. నాకు ఏడో వారం దాకా ఇంకో రెండుసార్లు వచ్చింది, తర్వాత ఆగింది. ఈ ఒక్క ముక్క డిశ్చార్జ్ రోజు చెప్పుంటే ఆ రాత్రి మా ఇంట్లో అలా ఉండేది కాదు.

మూడో నెల నుంచి అసలు బతుకు తెలిసింది. మూడో నెల హోల్టర్, అంటే ఒంటికి తగిలించి రోజంతా ఈసీజీ తీసే మిషన్, క్లీన్. ఆరో నెల ఏడు రోజుల ఈసీజీ ప్యాచ్ అతికించారు, ఎండాకాలం కాదు కాబట్టి ఊడిపోలేదు, అందులో అక్కడక్కడా అదనపు బీట్లు తప్ప ఏం లేదు. తెనాలి స్టేషన్ బ్రిడ్జి మెట్లు ఆగకుండా ఎక్కా, పైకెళ్లాక వెనక్కి తిరిగి చూసుకున్నా, ఎందుకో మరి. పదో నెలలో మా తమ్ముడి కూతురి పెళ్లికి రెండు రాత్రులు నిద్రలేదు, ఎండలో తిరిగా, నీళ్లు తాగలేదు, మూడో రోజు వచ్చింది, 40 నిమిషాలు ఉండి పోయింది, వాచీలో రికార్డయింది. డాక్టర్ గారికి పంపా. "రూల్ ప్రకారం మీరు ఫెయిల్" అని నవ్వారు. నిజమే, రీసెర్చ్ వాళ్ల లెక్కలో 30 సెకన్లు దాటి ఏఫిబ్ వస్తే తిరగబెట్టినట్టే. వారానికి పది గంటలు కొట్టుకున్న మనిషికి ఏడాదికి 40 నిమిషాలు, అది ఫెయిలా? కెనడాలో సర్కా డోస్ అని ఒక ట్రయల్ చేశారంట, 346 మందికి చర్మం కింద రికార్డర్ పెట్టి ఏడాది చూస్తే 30 సెకన్ల రూల్ ప్రకారం సగం మందే పాస్, కానీ ఏఫిబ్‌లో ఉండే మొత్తం టైమ్ 98 శాతానికి పైగా తగ్గింది. కాబట్టి ఎవరైనా సక్సెస్ రేట్ చెప్తే ఏ లెక్కలో చెప్తున్నారో అడగండి.

వాచీ గురించి చెప్తానన్నా కదా. మొదట్లో గంటకి పదిసార్లు చూసుకునేవాణ్ణి, ఒక అదనపు బీట్ పడితే చాలు చెయ్యి పట్టుకుని కూర్చోవడం. మా ఆవిడ నాలుగో నెలలో లాక్కుని బీరువాలో పెట్టేసింది. "ఏవండీ, గుండె కొట్టుకుంటే మీకు తెలుస్తుందిగా, అప్పుడిస్తా" అంది. అప్పట్నుంచి నాకు ఆరోగ్యం ఇంకొంచెం బాగుపడింది.

రక్తం పలచబడే మందు సంగతి, దీని మీద అందరికీ అపోహే. అబ్లేషన్ అయ్యింది కదా, లయ బాగుంది కదా, ఇంక అపిక్సబాన్ ఎందుకు అని నేనూ అడిగా. మొదటి రెండు మూడు నెలలు ఎవరికైనా తప్పనిసరి. ఆ తర్వాత ఆపాలా వద్దా అనేది అబ్లేషన్ ఎంత బాగా జరిగిందనే దాన్ని బట్టి కాదు, మనకి పక్షవాతం రిస్క్ ఎంతుందనే దాన్ని బట్టి. నాకు బీపీకి ఒకటి, షుగర్‌కి ఒకటి, స్కోర్ రెండు, కాబట్టి వాడాల్సిందే. ఇంకొన్నేళ్లకి 65 దాటితే దానికి ఇంకొకటి కలుస్తుంది. కొట్టు దగ్గర నా స్నేహితుడు ఒకడు "బాగైపోయిందిగా, ఆపెయ్" అని సలహా ఇచ్చాడు, వాడికి ఎరువు ఎంత వేయాలో కూడా నేనే చెప్పాలి.

మా వదిన కూడా నా కథ విని "నాకూ చేయించండిరా" అంది. ఆమెది వేరే. చిన్నప్పుడు కీళ్ల జ్వరమొచ్చి గుండె వాల్వ్ సన్నబడింది, దాని మూలంగా ఏఫిబ్. మన పల్లెల్లో ఇలాంటివాళ్లు చాలామంది ఉంటారు. అలాంటివాళ్లకి ముందు వాల్వ్ సంగతి చూడాలంట, మందు కూడా నాది పనికిరాదు, రక్తం పలచబడే పాత రకం మందు అసిట్రోమ్ వాడుతూ, రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే ఐఎన్ఆర్ టెస్ట్ చూసుకోవాలి. 2022లో ఇన్విక్టస్ అనే ట్రయల్‌లో కీళ్ల జ్వరం వాల్వ్ ఉన్నవాళ్లకి కొత్త రకం మందు రివరాక్సబాన్ కంటే పాత రకమే మేలని తేలింది. ఆమెకి బాధల్లా గోంగూర, ఆకుకూరలు ఎక్కువ తింటే ఆ పాత రకం మందు పని తగ్గుతుందంట. మానక్కర్లేదు వదినా, ఒకవారం మూడు కట్టలు ఒకవారం సున్నా అని కాకుండా ఎప్పుడూ ఒకేలా తిను అని డాక్టర్ చెప్పిందే మళ్లీ చెప్పా.

ఇంకోటి, ఆస్పత్రి బిల్లులో లేని వైద్యం. డాక్టర్ గారు బరువు తగ్గమన్నారు, అందరూ అంటారుగా అనుకున్నా. ఆస్ట్రేలియాలో అడిలైడ్‌లో దీని మీదే పని చేశారు, పది శాతం పైన బరువు తగ్గి నిలబెట్టుకున్నవాళ్లు ఏఫిబ్ లేకుండా ఉండే అవకాశం తగ్గనివాళ్ల కంటే ఆరు రెట్లంట. 92 నుంచి 82కి వచ్చా, రాత్రి అన్నం మానేసి పుల్కాలు, పొద్దున కాలవ గట్టు మీద నడక. శనివారం సాయంత్రం రెండు పెగ్గులు ఉండేవి, అవీ మానేశా. అది కూడా ఆస్ట్రేలియా వాళ్లే, 140 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుని తాగనివ్వకుండా చూస్తే వాళ్లలో 53 శాతానికి తిరగబెట్టింది, మామూలుగా తాగినవాళ్లలో 73 శాతానికి. 2020లో వచ్చిందంట. గురక కోసం నిద్ర టెస్ట్ చేయిస్తే ఊపిరి ఆగుతోందని తేలింది, ఇప్పుడు మిషన్ పెట్టుకుని పడుకుంటా, చూడ్డానికి విమానం నడిపేవాడిలా ఉంటా కానీ నిద్ర బాగా పడుతుంది. నా 40 నిమిషాల రిజల్ట్‌లో కాల్చిన దాని వాటా ఎంతో, పుల్కాల వాటా ఎంతో నేను చెప్పలేను.

రేటింగ్ అంటే ఒక్క నంబర్ ఇవ్వడం కష్టం. డాక్టర్ 5, ఐసీయూ సిస్టర్లు 5, బిల్లింగ్ 2, ఇడ్లీని ఇప్పుడు 2కి దించుతున్నా, ఇంటికి పంపాక పట్టించుకోవడం 1. మళ్లీ గట్టుకి గండి పడితే రెండోసారి చేయించుకుంటావా అని మా పెద్దాడు అడిగాడు. చేయించుకుంటా, ఆ డాక్టర్ గారి దగ్గరే. కాకపోతే ఈసారి ఒక నోట్‌బుక్ పట్టుకెళ్తా, రూమ్‌లోకి ఎవరొచ్చినా జ్వరమొస్తే ఏంటి, కొట్టుకుంటే ఏంటి, బస్తా ఎప్పుడు ఎత్తాలి, ఎవరి నంబర్‌కి ఫోన్ చేయాలి అని రాయించుకున్నాకే కదలనిస్తా, ట్యాబ్ అమ్మాయితో సహా. ఆ నెల్లూరు పిల్లాడు చెప్పిన మాటల్ని మా ఆవిడ డిశ్చార్జ్ ఫైల్ వెనక నుంచి ఎత్తి పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అతికించింది, పైన ఎర్ర పెన్నుతో "ఎండోస్కోపీ వద్దు, ముందు సీటీ" అని. ఆ రెండు నెలల గడువు దాటి ఏడాదవుతోంది, దాన్ని ఇంకా తీయనివ్వట్లేదు.